ఆగయ్య పడవ మీది ట్వీటర్లు

తాడ్‌బన్‌లో ఉండే బెస్త ఆగయ్యకు చేపలు పట్టడం మీద ఎన్నడూ మనసు లేదు. తండ్రి లక్ష్మయ్య మీరాలం చెరువులో వల వేసి సంసారం ఈదాడు. ఆగయ్య కూడా చిన్నప్పటి నుంచి ఆయన వెంట తెప్ప ఎక్కేవాడు గానీ, వల కంటే ఒళ్లో పెట్టుకున్న ట్రాన్సిస్టర్ మీదే అతని ధ్యాస. స్టేషన్ సరిగా అందకపోతే ఏరియల్ తిప్పుకుంటూ కూర్చునేవాడు. తెప్ప గాలికి ఎటు కొట్టుకుపోతోందో తండ్రే చూసుకోవాలి.

తొంభై నాలుగులో, జూపార్కుకు వచ్చిన జనాన్ని చెరువు మీద తిప్పడానికి ప్రైవేటు పడవలకు అనుమతి దొరికింది. ఆగయ్య పాత డీజిల్ ఇంజను బిగించిన పడవ ఒకటి కొన్నాడు. పక్కనే అతని బావమరిది ఓదెలు ఒకటి పెట్టాడు. రామ్‌చందర్ అనే ఆయన మరొకటి తెచ్చాడు. ముగ్గురూ గట్టు దగ్గర వరసగా పడవలు కట్టి జనాన్ని పిలిచేవారు.

పడవలో పాట పెట్టాలన్న ఆలోచన మొదట ఆగయ్యదే. చోర్‌బజార్‌లో దొరికిన కారు క్యాసెట్ డెక్కును ముందు భాగంలో బిగించి, సీట్ల కింద రెండు స్పీకర్లు పెట్టాడు. పిల్లలు ఆ పడవే ఎక్కుతామని మారాం చేసేవారు. నెల తిరక్కముందే ఓదెలు, రామ్‌చందర్ కూడా డెక్కులు తెచ్చుకున్నారు.

ఆ సంగతి ఎలా తెలిసిందో, కోఠి గుజరాతీ గల్లీలో సౌండ్ సామాను అమ్మే వంశీధర్ ఒకరోజు స్కూటర్ మీద గట్టుకు వచ్చాడు. తండ్రి సర్కారు ఉద్యోగం మీద బెజవాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం అతనిది. చేతిలో రంగురంగుల కాగితాలున్నాయి.

"మీరు నీళ్ల మీద ఉన్నారు కదా అన్నా, మామూలు స్పీకర్లు తేమకి పాడైపోతాయి. ఇవి మెరైన్ గ్రేడ్, ఓడల్లో వాడేవి. వెయ్యి వాట్ల పీఎంపీఓ" అన్నాడు.

పీఎంపీఓ అంటే ఏమిటో గట్టు మీద ఎవరికీ తెలియదు. కనురెప్ప పాటు కాలంలో ఆ పెట్టె గరిష్ఠంగా ఎంత మోగగలదో ఊహించి వేసే అంకె అది. మామూలుగా మోగేది అందులో పదో వంతు కూడా ఉండదు. కానీ వెయ్యి అన్న మాట అందరి చెవినా పడింది. తర్వాతి సారి వంశీధర్ ఆక్సిజన్ లేని రాగితో చేసిన వైరు తెచ్చాడు. దానితో పాట స్వచ్ఛంగా వస్తుందని చెప్పాడు.

"నీళ్లల్ల ఆక్సిజన్ లేకుంటే చేపలు చస్తయ్. వైరుకేమైతది?" అని ఓదెలు అడిగాడు.

"నువ్వు ఇను, గప్పుడు తెలుస్తది" అన్నాడు ఆగయ్య. అందరికంటే ముందు కొన్నది అతనే. ఓదెలు కూడా కొన్నాడు.

వంశీధర్‌ను మోసగాడు అనడానికి లేదు. అవే పెట్టెలు తన ఇంట్లోనూ పెట్టుకున్నాడు. కంపెనీ వాళ్లు చెప్పింది నమ్మి, నమ్మింది అమ్మాడు.

రెండేళ్లలో పడవల మీద పెయింటుతో వాట్లు రాసుకోవడం మొదలైంది. ఓదెలు రెండు వేలు రాయించాడు. రామ్‌చందర్ ఏకంగా ఐదు వేలు రాయించాడు. ఆగయ్య మాత్రం ఏమీ రాయించలేదు. అతనికి మోత కంటే పాటలోని పనితనం ముఖ్యం. పొద్దున జనం రాకముందే పడవ మధ్యలో కళ్లు మూసుకుని కూర్చుని, తబలా ఎటు వైపు ఉంది, గజ్జెలు ఎంత దూరంలో మోగుతున్నాయి అని వినేవాడు. సామాను సంగతికొస్తే మిగతా ఇద్దరూ అతన్నే అడిగేవారు.

తొంభై తొమ్మిది వర్షాకాలంలో అతనికి పాటలో తాళాల చప్పుడు మొద్దుగా వినిపించింది. ట్వీటర్లకు తేమ పట్టిందనుకున్నాడు. పాటలో సన్నని శబ్దాలు పలికించే చిన్న స్పీకర్లవి. వంశీధర్ కొత్త జత ఇచ్చాడు. కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు తోచింది. తర్వాత మళ్లీ అదే ఫిర్యాదు. ఈసారి సిల్కు గుమ్మటం ఉన్నవి వచ్చాయి, ఆ తర్వాత టైటానియంవి. వాటితో పాటు ఈక్వలైజర్ కూడా వచ్చింది. దానిలో సన్నని శబ్దాలు పెంచే చివరి మీటలన్నీ పైకి నెట్టి పెట్టేవాడు ఆగయ్య.

ఒక మధ్యాహ్నం మనవలతో వచ్చిన ఒక ముసలామె, బురఖా కొంగుతో చెవులు మూసుకుని, "బేటా, జరా ఆవాజ్ కమ్ కరో" అంది. ఆగయ్య తగ్గించాడు, కానీ కొంచెమే. అతనికి అది అప్పటికే తక్కువగా ఉంది. పడవ గట్టు చేరగానే ఆమె మనవలను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మెల్లగా అతని పడవకు జనం తగ్గారు.

"బావా, నీ పడవ పక్కకొస్తే నా పండ్లు జిల్లుమంటున్నయ్. గంత సన్నగ ఎందుకు పెడుతున్నవ్?" అన్నాడు ఓదెలు.

"నీకు పాట తెలుసా, పడవ తెలుసా? నా గిరాకీ పోతుంటే నీకు మస్తుగున్నట్టుంది" అన్నాడు ఆగయ్య. ఆ రోజు నుంచి ఓదెలుతో మాట్లాడటం మానేశాడు. పండగలకు కూడా భార్య మహేశ్వరి ఒక్కతే తమ్ముడి ఇంటికి వెళ్లి వచ్చేది.

బేగంబజార్‌లో చేపలమ్మే మహేశ్వరి ఇంట్లో తక్కువగా ఉంటుంది. ఒక ఆదివారం కుక్కర్ పెట్టి, కూత రాగానే దించమని భర్తకు చెప్పి నీళ్లకు పోయింది. తిరిగొచ్చేసరికి అన్నం అడుగంటి మాడు వాసన మొదలైంది. ఆగయ్య పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని డెక్కు తుడుస్తున్నాడు.

"కూత ఇనవడలేదా?"

"ఏ కూత? ఇంక రాలే."

మహేశ్వరి పొయ్యి ఆర్పి కుక్కర్ దించింది. కాసేపాగి అతని వెనక నిలబడి తాళంచెవుల గుత్తి ఆడించింది. అతను తల తిప్పలేదు. చెవి దగ్గరగా తెచ్చి ఆడించింది. అప్పుడూ తిప్పలేదు. మర్నాడు బేరం మానుకుని అతన్ని చెవుల దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టర్ హైమవతి అతన్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేయించింది. పడవ నడుపుతాడని మహేశ్వరి చెప్పగానే, "ఇంజను పక్కన ఎన్నేళ్లుగా కూర్చుంటున్నారు?" అని అడిగింది. తర్వాత మెల్లగా చెప్పింది. "లావు శబ్దాలు మీకు బాగానే వినిపిస్తున్నాయి. సన్నవి పోయాయి. పోయినవి ఇక రావండి. ఉన్నవాటిని కాపాడుకోవాలి. చెవికి మిషను పెట్టుకుంటే కొంత నయం."

ఆగయ్య హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "గయితే ట్వీటర్లు మంచిగనే ఉన్నయా మేడం?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. మహేశ్వరికి అర్థమై, ముఖం పక్కకు తిప్పుకుంది.

చెవి మిషను కొనేటప్పుడు ఆగయ్య వంశీధర్‌ను వెంట రమ్మన్నాడు. సామాను అంటే నమ్మకం కుదిరేది అతని మీదే. చెవి మిషన్ల దుకాణంలో అమ్మే మనిషి డిజిటల్ అన్నాడు, విదేశీ చిప్పు అన్నాడు, ముత్యంలాంటి స్పష్టత అన్నాడు. ఆగయ్య అన్నిటికీ తల ఊపుతున్నాడు. వంశీధర్ కాసేపు విని ఇబ్బందిగా కదిలాడు.

"అవన్నీ తర్వాత చెప్పండి. ముందు ఆయన చెవికి పెట్టి చూపించండి" అన్నాడు.

బయటికొచ్చాక వంశీధర్ స్కూటర్ దగ్గర ఆగాడు. "అన్నా, మార్చమని మీరు మొదటిసారి తెచ్చిన ట్వీటర్లు బాగానే ఉండేవి. నేను విని చూశాను. మీరు బాలేదన్నారని, నా చెవికే తెలియట్లేదేమో అనుకున్నాను. ఆ తర్వాత అలవాటైపోయింది, అడిగినప్పుడల్లా ఇస్తూ పోయాను."

"ఇప్పుడు చెప్పినవ్ గదా" అన్నాడు ఆగయ్య. కోపం తెచ్చుకోవాలనుకున్నాడు గానీ రాలేదు.

మర్నాడు పొద్దున పడవలో మిషను పెట్టుకుని, ఇంజను ఆపి, రోజూ వినే క్యాసెట్ పెట్టాడు. మొదటి తాళానికే ఉలిక్కిపడి చెయ్యి చెవి మీదికి పోయింది. గాజు పెంకు మీద మేకుతో గీసినట్టుంది. ఆ పాటే కాదు, క్యాసెట్ తిప్పి పెట్టినా అంతే. డెక్కు ఆపేశాడు. తర్వాత లేచి ఓదెలు పడవ దగ్గరికి నడిచాడు.

"నా పడవ గలీజుగ మోగుతుందని చెప్పినవ్" అన్నాడు.

ఓదెలు తాడు ముడి విప్పుతూ తలెత్తలేదు. "చెప్పిన. నువ్వు మాట్లాడుడు బంద్ జేసినవ్."

"ఇయ్యాల ఇన్న."

ఓదెలు అప్పుడు అతని చెవిలోని మిషను చూశాడు. స్క్రూడ్రైవర్ అందుకుని బావ వెంట వచ్చాడు. ఇద్దరూ టైటానియం ట్వీటర్లు ఊడదీసి, పాత సామాను పెట్టె అడుగున పడి ఉన్న మొదటి జతను బిగించారు. ఈక్వలైజర్ మీటలు కిందికి లాగారు.

అయితే మిషను ఇంజను మోతను కూడా పెంచి వినిపించేది. పడవ నడిపేటప్పుడు దాన్ని తీసి జేబులో వేసుకోక తప్పలేదు. అప్పుడు అతని చెవికి పాట మళ్లీ మొద్దుగానే వచ్చేది. అందుకని పొద్దున పడవలు విప్పే ముందు ఓదెలు వచ్చి సౌండు సరిచేసి పోయేవాడు. "ఇగ చాల్ బావా" అన్న చోట ఆగయ్య మీట వదిలేసేవాడు. పడవ నడిపేటప్పుడు తనకు సరిగా లేదనిపించినా దాన్ని ముట్టుకునేవాడు కాదు. అది అతనికి తేలిక కాలేదు. మొదటి వారాల్లో చెయ్యి మీట దాకా పోయి వెనక్కి వచ్చేదని మహేశ్వరితో చెప్పుకున్నాడు.

జనం కొంత తిరిగి వచ్చారు, మునుపటంత కాదు. రెండు వేల ఐదు తర్వాత చెరువు నిండా గుర్రపుడెక్క అల్లుకుంది. పడవ పంకాలకు చుట్టుకుని ఇంజన్లు ఆగిపోయేవి. ఒక్కొక్కరే పడవలు గట్టుకెక్కించారు. రామ్‌చందర్ కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఓదెలు ఆటో కొన్నాడు. వంశీధర్ సెల్‌ఫోన్ల వ్యాపారంలోకి మారాడు.

ఆగయ్య తన పెట్టెలన్నీ జుమ్మేరాత్ బజార్‌లో అమ్మేసి, బేగంబజార్‌లో మహేశ్వరి పక్కన కత్తిపీట ముందు కూర్చున్నాడు. మార్కెట్ లొల్లిలో మిషను పనికిరాదు. బేరం ఆమె వింటుంది. ఎంత పెద్ద ముక్కలు కావాలో వేళ్లతో చూపిస్తుంది, అతను కోసి ఇస్తాడు. చేప పని ఇష్టమా అని ఎవరైనా అడిగితే, ఇష్టమని చెప్పడు. కానీ తెల్లవారుజామున బండి మీద చేపల బుట్టలు కట్టేటప్పుడు, ఆమె పిలవకముందే లేచి ఉంటాడు.