గంజిచీరకు ఇద్దరు కావాలి

మా పిన్ని పచ్చయమ్మను చూసి జాలిపడేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. షోళింగనల్లూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర పన్నెండేళ్లు ఇస్త్రీ బండి నడిపిన మనిషి ఆమె. కంప్యూటర్ ఆఫీసుల వాళ్ల చొక్కాలు గుట్టలుగా వచ్చేవి. కొడుకు ఆనంద్‌రాజ్ ఆ ఆఫీసులకే క్యాబ్ తోలేవాడు.

ఆఫీసుల్లో మనుషుల్ని తీసెయ్యడం మొదలయ్యాక ముందు చొక్కాలు తగ్గాయి, వెనకే క్యాబ్ ఆగింది. తల్లీకొడుకులిద్దరూ ఒకే కొమ్మ మీద కూర్చున్నారని అప్పుడు తెలిసింది.

పిన్ని ఏడుస్తూ కూర్చోలేదు. బండిని మినీ లారీ ఎక్కించి ఊరికి ఇంకో కొసన పెరంబూరులో మా ఇంటి పక్కన దింపింది. మా వీధి నిండా రైల్వేవాళ్లు, గవర్నమెంటు టీచర్లు, గుమస్తాలు.

"ఊరంతా పడిపోయినా వీళ్లకి ఒకటో తేదీ జీతం పడతాది. ఇంక ఈడే నిలబడతా" అంది.

అయితే మా వీధి ఆడవాళ్లు ఆఫీసుకు కట్టేది గంజి పెట్టిన నూలుచీరలు. ఇద్దరు చెరో కొసా పట్టి లాగి మడతపెడితే గానీ వాటికి ఇస్త్రీ కుదరదు. చొక్కాలకు అలవాటుపడ్డ పిన్ని ఒక్కతే చేసింది. దమయంతి టీచరు చీరలో అంచొకవైపు, మడతొకవైపు పోయాయి.

"ఇది కట్టుకొని బడికెట్ల పోయేది పచ్చయమ్మా? రేపు గూడా ఇట్లే ఉంటే వెనక వీధి ఇస్త్రీ ఆయనకే ఇచ్చుకుంటా" అని టీచరు తిప్పి ఇచ్చేసింది. ఆమె మానేస్తే వీధంతా మానేస్తుంది. బండి ఇంకో చోటికి తోసుకుపోవాల్సిందే.

ఆనంద్‌రాజ్ ఎదురుగా టీ అంగట్లో కూర్చుని ఉన్నాడు.

"ఆనందా, వచ్చి ఒక కొస పట్టుకోరా."

"నేను డ్రైవర్ని అమ్మా. నడివీధిలో చీరలు పట్టుకోమంటావా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. పిన్ని మాత్రం గొంతు పెంచలేదు.

"డ్రైవరువే, ఎవురు కాదన్నారు? బండి వచ్చినప్పుడు తోలు. ఇప్పుడు చీర ఉండాది" అని, చీర కొసను పక్కింటి గేటు కమ్మీకి కట్టబోయింది.

వాడు గ్లాసు పెట్టేసి లేచొచ్చాడు. "తుప్పంటుకుంటాది, ఇట్లా తే" అని తల వంచుకునే కొస అందుకున్నాడు. చీర బిర్రుగా సాగింది.

మర్నాడు టీచరు మడత చూసుకుని ఇంకో చీరల మూట బండి మీద పెట్టి పోయింది.

మొన్న ఇద్దరూ చీర లాగుతుండగా క్యాబ్ ఓనరు ఫోన్ చేశాడు, ట్రిప్పులు మళ్లీ మొదలయ్యాయి, పొద్దున్నే రమ్మని. పిన్ని ముఖం చిన్నబోయింది. ఆనంద్‌రాజ్ ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో చీర కొస ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"అన్నా, సాయంత్రం డ్యూటీ అయితే వస్తా" అన్నాడు. "పొద్దునపూట నాకు గవర్మెంటు పని ఉండాది."