గురువారాల లెక్క

వరుసగా నాలుగు గురువారాలు, గల్ఫ్‌లో నేనుండే అల్ అజీజియా పేటలో ఒక చిన్న లాండ్రీకి ఎదురుగా నిలబడి, లోపలికి వెళ్లే మనుషులను లెక్కపెట్టాను. నూట పన్నెండు, తొంభై ఎనిమిది, నూట ఇరవై ఒకటి, నూట ఐదు. సగటున నూట తొమ్మిది. వారానికి ఆరు రోజులనుకుంటే ఆరువందల యాభై నాలుగు. ఈ లెక్క బాగుందనిపించి నిద్ర పట్టేది కాదు. ఎక్కడో తప్పుందేమోననిపించి కూడా పట్టేది కాదు.

లాండ్రీ యజమాని కేరళ మనిషి. ఇరవై రెండేళ్లు నడిపి, ఇక ఊరికి వెళ్లిపోతూ దుకాణాన్ని ఎవరికైనా అప్పగించాలనుకుంటున్నాడు. నాతోపాటు ఇంకొకరు కూడా అడుగుతున్నారు. వచ్చే గురువారంలోగా మాట చెప్పమన్నాడు. అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటలోపు మా కంపెనీలో కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే స్టోర్‌కీపర్‌గా మరో రెండేళ్లు. అప్పటికే పద్దెనిమిదేళ్లయింది, నాకు నలభై తొమ్మిది నిండాయి. ఈసారి పెడితే ఇక నన్ను నేనే కదలనివ్వనని తెలుసు.

లాండ్రీ పక్కనే ఒక టైలరింగ్ షాపు ఉంది. ఒక్క మిషనుతో మొదలుపెట్టి ఇప్పుడు ఆరు మిషన్లు నడుపుతున్న గోదావరి జిల్లా ఆవిడ దాని యజమాని. నేను రోడ్డు దాటి వెళ్లి సలహా అడిగేసరికి ఆమె కత్తెర పక్కన పెట్టి నవ్వింది.

"నెల రోజుల్నించి చూత్తన్నానండి మిమ్మల్ని. పోలీసోళ్ల మనిషేమో అనుకున్నాం!"

"గిరాకీ లెక్కవెడుతున్న చెల్లె. మస్తుగ ఉంది."

"ఏ రోజు లెక్కెట్టారు?"

"గురువారం. నాకు ఆ పూటనే సగం డ్యూటీ."

ఆమె లోపలి టైలర్లకు వినబడేలా, "ఆయ్, విన్నారా? అన్నయ్య గురువారం లెక్కెట్టాడంట!" అని అరిచింది. వాళ్లూ నవ్వారు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మర్నాడు శుక్రవారం జుమ్మా కదండీ. నమాజుకి ఆ పొడుగు తెల్ల అంగీలు, థోబులు కావాలని ఊరంతా గురువారమే పరిగెత్తుకొత్తారు. పైగా ఇచ్చినోడే పుచ్చుకోడానికీ వత్తాడు. మీరేమో ఇద్దరని రాసేసుకున్నారు. ఆదివారం రండి. బయట కాదండి, గల్లా దగ్గర కూచోండి. నేనూ షాపు పెట్టే ముందు రెండు నెలలు వేరేవాళ్ల షాపులో బొత్తాలు కుట్టాను."

లెక్కలు నేను బడిలో నేర్చుకోలేదు. నలుగురి పని చూసి నేర్చుకున్నాను. అందుకే తప్పు దొరికితే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆదివారం నుంచి గురువారం దాకా ఐదు రోజులు సెలవు పెట్టాను.

ఆదివారం వచ్చినవాళ్లు పదిహేడు మంది. సోమవారం ఇరవై ఇద్దరు. పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా తలుపు తెరుచుకోలేదు. లేచి బయటికి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చునేవాడిని. "భాయ్, నువ్వు కూర్చోవడం చూస్తే నాకు అలసటొస్తోంది" అన్నాడు యజమాని హిందీలో. బేరం వద్దని చెప్పేద్దామనుకుని, ఊరికే ఉండలేక బట్టలు లెక్కపెట్టాను. ఆదివారం వచ్చిన నూట అరవై ఒక్క బట్టల్లో నూట ఇరవై ఎనిమిది ఐదుగురే తెచ్చారు. ఆ ఐదుగురూ పెద్ద ఇళ్లలో డ్రైవర్లు. ఇంటిల్లిపాది బట్టలూ మూటగట్టి తెస్తారు. నేను ఇన్నాళ్లూ తలలు లెక్కపెట్టానుగానీ చేతుల్లో ఏముందో చూడలేదు.

బుధవారం యజమాని భోజనానికి వెళ్లినప్పుడు ఆ డ్రైవర్లలో ఒకడు వచ్చాడు. కడప వైపు మనిషి. నేను మూట విప్పి లెక్కపెట్టి, చీటీ రాసి, మళ్లీ సరిచూసి, అప్పుడు తలెత్తాను.

"ఏం సామీ, నేనొచ్చి ఎంతసేపయింది?"

"ఏడు నిమిషాలు."

"ఓర్నాయనో, అది గూడా లెక్కబెట్నావా! కూర్చో అని మాత్రం అనల్యా. ఈ షాపు ఓనరుంటే ఈపాటికి చాయ్ వచ్చుండు. పొద్దున ఐదు నుంచి స్టీరింగే పట్టుకోనుండా."

కుర్చీ జరిపాను. అడగక ఉండలేక అడిగాను. "నేను ఈ దుకాణం తీసుకుంటే మీరు వస్తరా?"

"నువ్వెవరో నాకేం తెలుసు? మా మేడమ్ ఏసుకునే నల్ల అబాయా ఒగటి కాలితే నా డ్యూటీ ఊడిపోతాది. ఆయప్పయితే ఎవరింటి థోబుకు గంజి ఎంతో సెప్పకుండానే పెడ్తాడు. నిన్ను ఆయప్ప పక్కన కొన్నాళ్లు చూడల్ల. అప్పుడు సెప్తాం."

గురువారం పొద్దున దుకాణం తెరవకముందే యజమాని దగ్గర నిలబడ్డాను. దుకాణం ఇచ్చాక కూడా ఒక నెల నా పక్కన ఉండాలన్నాను. మరో పది రోజుల్లో టికెట్ ఉందన్నాడు. మీరు లేకపోతే నేను కొనేది నాలుగు వాషింగ్ మిషన్లనే, గిరాకీని కాదన్నాను. ఆయన ముఖం చిట్లించి నీళ్లు పట్టడానికి వెళ్లాడు. వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. గడియారం చూడటం మానలేకపోయాను. పదకొండున్నరకు ఆయన ఇంటికి ఫోన్ చేసి మలయాళంలో చాలాసేపు గట్టిగా మాట్లాడాడు. చివరికి నా వైపు తిరిగి, రెండు చేతుల వేళ్లూ రెండుసార్లు చూపించాడు. ఇరవై రోజులు. "అంతకు మించి ఒక్క రోజు కూడా లేదు. యల్లా, తొందరగా చెప్పు" అన్నాడు.

సరేనన్నాను. అప్పటికి పన్నెండు దాటి ఐదు నిమిషాలు.

టాక్సీలో మళ్లీ లెక్క మొదలుపెట్టాను. ఇరవై రోజుల్లో ఒక్కో డ్రైవరు మహా అయితే ఆరుసార్లు వస్తాడు. ఆ ఆరు రాకల్లో ఐదుగురికీ నామీద నమ్మకం కుదరాలి. ఇద్దరికి కుదరకపోతే? ఒకరి పని వేరే చోటికి మారితే? సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ అంకె మారుతోంది. ఏ అంకె దగ్గరా స్థిమితం దొరకలేదు.

ఆఫీసులో నేనిచ్చిన కాంట్రాక్టు కాగితాన్ని గుమస్తా తిప్పి చూసి, "సంతకం మర్చిపోయినట్టున్నారు" అని పెన్ను నా ముందుకు జరిపాడు.

మర్చిపోలేదని చెప్పి, కాగితాన్ని ఆయన దగ్గరే వదిలేశాను. లిఫ్ట్ కోసం ఆగలేదు. ఆగితే వెనక్కి వెళ్లి ఆ పెన్ను అందుకుంటానేమోనని మూడంతస్తులూ మెట్ల మీదే దిగాను.