బండపొడితో రుద్దిన కిటికీ

పాత జీపుల సంగతి ఎవరైనా ఎత్తితే నేను మాట మారుస్తాను. ఇప్పటి బండ్లన్నిటికీ గాజు అద్దాలే కాబట్టి ఎత్తేవాళ్లూ తక్కువే. అయినా ఒక్కసారి రాసి పెట్టాలనిపించింది. రాస్తే బరువు దిగుతుందని కాదు. ఆ బరువు దిగకూడదు కూడా.

అరవైల మొదట్లో నేను తాండూరులో ఒక నాపరాతి బండల వ్యాపారి దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. మా ఊరు వికారాబాదు. లారీల మీద తిరిగి తిరిగి స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాణ్ణి. మా సేటు వేలంలో ఒక పాత జీపు కొన్నాడు. దానికి గుడ్డ టాపు, పక్కలకు గుడ్డ పరదాలు, ఆ పరదాల్లో కిటికీలుగా కుట్టిన ప్లాస్టిక్ ముక్కలు. ఎండకూ బండల గనుల దుమ్ముకూ ఆ ప్లాస్టిక్ పచ్చబడి, మసకబారి పోయింది. లోపల కూర్చున్నవాళ్లకు బయట ఎండ ఉందా లేదా అన్నది తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

దానితో అందరికంటే ఎక్కువ బాధ సేటు తల్లికి. ఆమెను మేమంతా అవ్వా అనేవాళ్లం. ఆమెకు చెవిపోటు, గాలి తగలకూడదు. పరదాలు దించుకునే కూర్చోవాలి. ఇంట్లో పూజ శివుడికే అయినా అనంతగిరి గుట్ట మీది విష్ణుమూర్తికి ఆమెది ఏదో పాత మొక్కు ఉండేది. నెలకోసారి తీసుకుపోయేవాణ్ణి.

"గుట్టలు సూద్దామని వస్తే గీ పచ్చ రేకు సూసి పోతున్న," అంది ఒకసారి దిగుతూ.

ఆ మాట నా మనసులో పడింది. ఆ వారమే ఆమె పూజగది గుమ్మంలో కూర్చుని విభూతితో వెండి గిన్నెలు తోముతుంటే చూశాను. వెండి మీద గీత పడకుండా మెరుపు తెచ్చేది ప్లాస్టిక్‌ను మాత్రం ఏం చేస్తుందని ఆలోచన వచ్చింది. అడిగితే, "విభూతి నొసటికి గాని బండికా?" అని మొదట కసిరింది. గుట్టలు గుర్తొచ్చాయేమో, కాసేపటికి తనే చిన్న డబ్బాలో పోసి ఇచ్చింది.

జీపును నీడలో పెట్టి, కుంకుడు నీళ్లతో దుమ్మంతా కడిగి, ఆరాక విభూతిలో రెండు చుక్కల కొబ్బరినూనె కలిపి పాత ధోవతి ముక్కతో రుద్దాను. గట్టిగా కాదు, చంటిపిల్ల బుగ్గ తుడిచినట్టు. ఒక్కో కిటికీకి ఒక పూట పట్టింది. పచ్చదనం పూర్తిగా పోలేదు కాని మసక విడిపోయింది. ఆ నెల గుట్ట ఎక్కుతుంటే వెనక నుంచి అవ్వ, "అగో, మేకలు," అంది. అంతే అంది. దారి పొడుగునా చూస్తూనే కూర్చుంది.

అంతవరకు నేను చేసింది మంచి పనే. తర్వాతే నా తల తిరిగింది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు వచ్చింది ఐశ్వర్యం కూడా కాదు, రెండు మెచ్చుకోళ్లు. ఊళ్లో ఉన్న నాలుగు బండ్ల డ్రైవర్లూ వచ్చి, వెనక దీపాల ఎర్ర మూతలు, మైలు మీటరు మీది ప్లాస్టిక్ పలకలు నా చేత రుద్దించుకుపోయేవాళ్లు. విభూతి అని చెబితే గొప్ప తగ్గుతుందని, అది నా సొంత మందు అని చెప్పేవాణ్ణి.

ఆ ఇంట్లో వాకిలి ఊడ్చి, గిన్నెలు తోమి, పొద్దున్నే జీపు కడిగే పనామె ఒకామె ఉండేది. గొర్లు కాసే ఇంటి మనిషి. భర్త పోయాడు. పదేళ్ల బిడ్డ ఉంది. ఆ బిడ్డను బడిలో వేయాలన్న ఒక్క పట్టుతో పల్లె విడిచి తాండూరు వచ్చి పనికి కుదిరింది. నన్ను తమ్మీ అని పిలిచేది. నా జొన్నరొట్టె ఎండిపోయిందని తన డబ్బాలోంచి పప్పు వేసేది.

రెండు మూడు నెలలకు కిటికీలు మళ్లీ మసకబారాయి. హైదరాబాదు నుంచి బండలు కొనే బేరగాళ్లు వస్తున్నారు, జీపు తళతళలాడాలన్నాడు సేటు. అవ్వ వికారాబాదులో తన కూతురి ఇంటికి పోయి ఉంది, పూజగదికి తాళం. అంగట్లో విభూతి దొరకదా అంటే దొరుకుతుంది. కాని అప్పటికి నా సొంత మందు పిచ్చి ముదిరింది. తాండూరు మనిషికి బండ కంటే గొప్పది ఏముంటుంది? గరుకు బండను అద్దంలా చేసే చోట, నీళ్లతో పాటు జారి ఎండిన బూడిదరంగు పొడి కుప్పలుగా ఉంటుంది. బండనే మెరిపించిన పొడికి ప్లాస్టిక్ ఒక లెక్కా అనుకున్నాను. రెండుసార్లు గుడ్డలో జల్లించాను. వేళ్ల మధ్య పిండిలా ఉంది. నూనె కలిపి, ఈసారి బలంగా, గుండ్రంగా రుద్దాను.

సాయంత్రానికి కిటికీలు మెరిశాయి. సేటు చూసి భుజం తట్టాడు.

మర్నాడు పనామె రోజూలాగే కుంకుడు నీళ్లతో కడిగింది. నూనె పోయింది. నూనె కింద దాగిన గీతలన్నీ బయటపడ్డాయి. కిటికీలు తెల్లగా, పాలు పూసినట్టు అయిపోయాయి. సేటు బయటికి వచ్చేసరికి ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది.

"గిన్నెలు తోమినట్టు పీచు పెట్టి తోమినవా?" అన్నాడు.

"లేదు సేటు. కుంకుడు నీళ్లు పోసిన, గంతే."

నేను దగ్గరికి పోయి గోరుతో తాకి చూశాను. గీతలు గుండ్రంగా ఉన్నాయి, నా చెయ్యి తిరిగిన తీరుగానే. సేటు నా వైపు తిరిగాడు. నేను అన్నది ఒక్క ముక్కే.

"నిన్న మాపటికి మంచిగనే ఉండె సేటు."

అందులో అబద్ధం లేదు. ఎన్నేళ్లుగానో ఆ మాటను తిప్పి తిప్పి చూసుకున్నాను, ఎక్కడా అబద్ధం లేదు. ఆ ఒక్క నిజంతో ఆమె పని ఊడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు. నేను అదీ చేయలేదు. కదలకుండా నిలబడ్డాను. ఆమె నా వైపు ఒకసారి చూసింది, నేనేదైనా అంటానేమోనని. తర్వాత చేతిలోని తడిగుడ్డ పిండి గోడ మీద ఆరేసి వెళ్లిపోయింది. మొరటు చెయ్యి అన్న మాట ఊళ్లో పాకింది, ఇంకే ఇంట్లోనూ ఆమెను పెట్టుకోలేదు. బిడ్డను తీసుకుని కోట్‌పల్లి దగ్గర తమ్ముడి ఊరికి పోయిందని విన్నాను.

నాలుగు నెలలు ఓర్చాను. ఆ తర్వాత బయల్దేరింది ధైర్యం వచ్చి కాదు, అన్నం సహించక. వికారాబాదు పని మీద పోయి వస్తూ జీపును ఆ ఊరికి తిప్పాను. ఊరి బయటే ఆమె బిడ్డ కనబడింది. బడికి పోవాల్సిన వేళ గొర్రెపిల్లల వెనక నడుస్తోంది. నన్ను చూసి నవ్వి, ఇల్లు చూపించింది.

ఆమె మజ్జిగ ఇచ్చింది. నేను చెంబు కింద పెట్టి అంతా చెప్పాను. బండపొడి, నూనె, గుండ్రటి గీతలు, నా ఒక్క ముక్క, అన్నీ. చెబుతూ ఏడ్చాను కూడా. చెప్పేశాను, ఇక తిట్టినా కొట్టినా నా పని అయిపోయింది అనుకున్నాను. సిగ్గు లేకుండా నా మనసు అప్పుడే తేలికపడడం మొదలైంది.

ఆమె తిట్టలేదు.

"నేను జెయ్యలేదని నాకు ఎర్కనే గదా తమ్మీ," అంది. "నాకెందుకు చెప్తున్నవ్? ఎర్క లేనోళ్లకు చెప్పు."

చెబుతానన్నాను. పొద్దు వాలకముందే తాండూరు చేరాను. సేటు అరుగు మీద కూర్చుని, "ఏమయ్యా, గింత ఆలస్యం?" అన్నాడు.

"రోడ్డు మంచిగ లేదు సేటు," అన్నాను.

ఆయన దగ్గర ఇంకా ఆరేళ్లు పనిచేశాను. రోజూ పొద్దున్నే ఆయన ఎదుట నిలబడి, ఎటు పోవాలని అడిగేవాణ్ణి. ఆయన చనిపోయేదాకా ఆ ఇంట్లో ఆమెది మొరటు చెయ్యి అనే అనుకున్నారు.