నా నిద్ర పోగొట్టిన పిడికెడు బియ్యం

పాస్టరు అయ్యగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తే మందిరంలో నా నిద్ర పోయిందన్నది పచ్చి అబద్ధం. మొన్న ఆదివారం మా చిన్నాన్న కొడుకు, ఇప్పుడు వాడే సంఘపెద్ద లెండి, మైకు పట్టుకుని, మా అక్క చిన్నప్పుడు వాక్యం మొదలుపెడితే గురకపెట్టేది, ప్రార్థనతో మారింది అని సాక్ష్యం చెప్పేశాడు. నా సాక్ష్యం చెప్పడానికి వాడెవడు? అప్పటికి వాడింకా చంటిపిల్లాడు.

సముద్రానికి కూతవేటు దూరంలో మా మందిరం. రేకుల కప్పు, ఈతచాపలు, సరుగుడు తోపు మీదుగా వచ్చే గాలిలో ఎండుచేపల వాసన, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, ఆపైన అయ్యగారి గంటన్నర వాక్యోపదేశం. మన ఈడువాళ్ళకు వేరే చెప్పాలా, ఆ గంటన్నరలో కప్పు రేకులకున్న మేకులు లెక్కపెట్టనిది ఎవరు? నేను మాత్రం నిద్రపోయేదాన్ని. అమ్మ తొడపాశం పెడితే లేచి, మళ్ళీ నిద్రపోయేదాన్ని.

దానికి మందు కనిపెట్టింది మా అవ్వ, నాన్నను కన్నతల్లి. ఆ రోజుల్లో ప్రతి ఇల్లాలూ ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుడి పేర తీసిపెట్టి, ఆదివారం మందిరానికి తెచ్చేది. ఆ బియ్యమంతా చాటలో పోసి అవ్వ నా ముందుకు తోసింది.

"రాళ్ళూ వడ్లూ ఏరు మే. ఊరికే కూర్చుంటే నాకే కునుకొస్తా ఉంది, నీకు రాదా?"

చేతులు బియ్యంలో పడ్డాక చెవులు తెరుచుకున్నాయి. ఏళ్ళతరబడి నా తల మీదుగా పోయిన వాక్యం మొదటిసారి లోపలికొచ్చింది. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని, నమ్మండి.

ఒకనాడు అయ్యగారు బైబిల్లోని ఒక తండ్రి మొక్కుబడి గురించి చెప్పారు. యుద్ధం గెలిస్తే, ఇంట్లోంచి ముందుగా ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానని మొక్కుకున్నాడట. ఒక్కగానొక్క కూతురు ఆడుతూ పాడుతూ ఎదురొచ్చిందట. ఆయన మాట తప్పలేదట. ఎంత గొప్ప విశ్వాసమో అని అయ్యగారు, ఆమెన్ అని మగవాళ్ళు. చాటలో నా చెయ్యి ఆగిపోయింది.

అవ్వ నా చెవిలో గొణిగింది. "ఆ బిడ్డ పేరేందో అడగవే. అబ్బ పేరు చెప్పినాడు గదా. వాళ్ళమ్మ యాడుండిందో అది గూడా అడుగు."

లేచి నిలబడి రెండూ అడిగేశాను.

అప్పటి సంఘపెద్ద మా చిన్నాన్నే. ఆయన గొంతు రేకులకు తగిలింది. "ఎవరు మే నీకీ తిక్క ప్రశ్నలు నేర్పింది?"

అవ్వ వైపు చూశాను. తల గోడకు ఆనించి, నోరు కొంచెం తెరిచి, కళ్ళు మూసుకుని ఉంది.

"ఎవరూ నేర్పలేదు, నేనే" అన్నాను.

అయ్యగారు నా తలమీద చెయ్యిపెట్టింది ఆరోజే, నా నోరు తగ్గాలని. మరుసటి ఆదివారం నుంచి చాట ఇంకొకరి ముందుకు పోయింది, నన్ను వరండాలో చంటిపిల్లల కాపలాకు కూర్చోబెట్టారు. ఈనాటి సంఘపెద్ద నా ఒళ్ళో ఉచ్చపోసింది అక్కడే. నిద్రపోయినన్నాళ్ళూ ఓర్చుకున్న మనుషులు, మేలుకుని నోరు తెరిచాక ఒక్క వారం ఓర్చుకోలేకపోయారు.

ఇప్పుడు మందిరానికి పాలరాయి వేశారు, కీబోర్డు, డ్రమ్ములు, తెరమీద పాటలు. ఎవరికీ నిద్ర రాదు, లేచి అడుగుదామంటే సందూ దొరకదు. పిడికెడు బియ్యం తెచ్చేవాళ్ళే లేరు. ఆ బిడ్డ పేరు ఎక్కడా రాయలేదని డిగ్రీ చదివే రోజుల్లో నేనే వెతికి తెలుసుకున్నాను. అవ్వ బతికున్నన్నాళ్ళూ ఆనాటి మాట ఆమె ఎత్తలేదు, పంతం కొద్దీ నేనూ ఎత్తలేదు. అన్నంలో పంటి కింద రాయి పడ్డప్పుడల్లా ఇప్పటికీ అడగాలనిపిస్తుంది. ఆరోజు నువ్వు నిజంగానే నిద్రపోయినావా, అవ్వా?