నలభై ఒక్క చెంబుల నీళ్ళు

చిక్కుడు టీచరు అన్న పేరు పిల్లలు పెట్టిందే. పదహారేళ్ళుగా ఆరో తరగతికి మొక్కల పాఠం చెప్పేది ఆవిడే. సైన్సు గది కిటికీ గట్టు మీద ముప్పై గాజు సీసాలు. ప్రతి సీసాలో తడి దూది, దూదికీ గాజుకీ మధ్య ఒక చిక్కుడు గింజ. నాలుగో రోజుకి గింజ పెదవి విప్పేది. కొత్త ఇంట్లో కరెంటు పోతే గోడ తడుముకునే చెయ్యిలా, తెల్లటి వేరొకటి మెల్లగా కిందికి దిగేది. పిల్లలు సీసాలకి ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. సాయంత్రం గది తాళం వేసే ముందు ఆవిడ గాజు మీది ముక్కుల మరకలు లెక్కపెట్టుకుని మురిసిపోయేది.

ఈ ఏడాది మరకలు తగ్గాయి.

కారణం పక్క గదిలోనే ఉంది. సాయంత్రమైతే ఇంటికొచ్చి అదే వంటింట్లో మసలుతుంది కూడా. కొత్తగా కంప్యూటర్ టీచరుగా చేరిన తోడికోడలు, తెర మీద కూరగాయల తోట తెరిచింది. పిల్లలు మౌసుతో మడి కడతారు, టమాటా నాటుతారు, చెంబు బొమ్మ నొక్కి నీళ్ళు పోస్తారు. నిమిషానికో రోజు గడిచిపోతుంది. నీళ్ళు పోసిన ప్రతిసారీ ఆకు తళుక్కుమంటుంది, మూలన ఒక మార్కు పెరుగుతుంది.

“చిన్నది చేరాక పిల్లలకి సైన్సు పిచ్చి పట్టిందటగా!” అంది అత్తగారు భోజనాల దగ్గర.

“సైన్సు పిచ్చి కాదత్తయ్యా, బొమ్మల పిచ్చి.”

“అక్కకి నా టమాటాలంటే పడదు,” అని చిన్నకోడలు నవ్వింది. పొద్దున రాసుకున్న పౌడరు సాయంత్రానికీ చెదరని ముఖం. ఆ నవ్వులో విషం లేదు. అందుకే చిక్కుడు టీచరుకి ఇంకా మండింది. కాస్త విషం ఉంటే ఎంత బాగుండేది, హాయిగా తిట్టుకోవచ్చు.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ పిలిచింది. “వచ్చే నెల నుంచి మొక్కల పాఠం కంప్యూటర్ గదికి మార్చేద్దామండీ. మీ సీసాల్లో ఈసారి ఒక్కటీ మొలకెత్తినట్టు లేదు. అవి తీయించి, కిటికీ దగ్గర అలమర పెట్టిస్తాను. శుక్రవారం వచ్చి చూసి ఖాయం చేస్తా.”

మాట నిజమే. గింజలు ఉబ్బి, మెత్తబడి, కంపు కొడుతున్నాయి. గింజలు మార్చింది, దూది మార్చింది. చేతివాసి పోయిందా? పోయి పక్క గదిలో చేరిందా?

బుధవారం మధ్యాహ్నం కంప్యూటర్ గది ఖాళీగా ఉంది. ఒక తెర మీద ఆరో తరగతి తోట తనంతట తాను గాలికి ఊగుతోంది. ఆవిడ కూర్చుంది. మొక్క పీకే గుర్తు కనిపించింది కానీ, వేలు దాని మీదికి వెళ్ళలేదు. బొమ్మదైనా మొక్కని పీకడం ఆవిడ వల్ల కాలేదు. చెంబు నొక్కింది. నీళ్ళతో చంపడం ఆవిడకి తెలుసు, చూసేవాళ్ళకది ప్రేమలాగే ఉంటుంది. పది చెంబులు, ఇరవై, నలభై ఒకటి. తోటలో రోజులు గడుస్తున్నాయి. ఒక్క ఆకూ పసుపెక్కలేదు. ప్రతి చెంబుకీ తళుక్కు, ప్రతి తళుక్కుకీ మార్కు.

‘ఈ తోటలో వేళ్ళకి గాలి అక్కర్లేదా?’ అనుకుంది. అనుకున్న మరుక్షణం తన సీసాల్లోని కంపు గుర్తొచ్చింది. లేచి తన గదికి పరుగెత్తింది.

కిటికీ దగ్గర ఇద్దరాడపిల్లలు మంచినీళ్ళ సీసాలు వంచి, గింజలు మునిగేదాకా పోస్తున్నారు.

“ఏం చేస్తున్నారే?”

“రోజూ పోస్తున్నాం టీచర్! ఎన్ని పోస్తే అన్ని మార్కులు కదా!”

దొరికింది! తోడికోడలి తోట అబద్ధం చెబుతోంది. ఎగిరి గంతేయాలనిపించింది. హెడ్మిస్ట్రెస్ గది వైపు పది అడుగులు వేసి ఆగిపోయింది. మీకెలా తెలిసిందండీ అని అడిగితే?

అప్పుడే కంప్యూటర్ గదిలోంచి కేకలు. “టీచర్, మన తోటకి ఎవరో నీళ్ళు పోశారు! నలభై ఒక్క మార్కులు!” “ఎవరో మంచివాళ్ళే!” ఆ మాట ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది. గంట మోగి పిల్లలు వెళ్ళేదాకా గుమ్మం పక్కనే నిలబడి, లోపలికి వెళ్ళింది.

“నీళ్ళు పోసింది నేనే.”

“నువ్వా అక్కా? ఎందుకు?”

“చావాలని.”

“నా మొక్కలు నిన్నేం చేశాయి?”

“మొక్కలు కాదు, నువ్వే. సరే, అది తర్వాత దెబ్బలాడుకుందాం. ఎన్ని నీళ్ళు పోసినా చావలేదు, అది చెప్పడానికొచ్చాను. పిల్లలు నా సీసాల్లోనూ అలాగే పోసి గింజలు కుళ్ళబెడుతున్నారు.”

చిన్నకోడలి ముఖం పాలిపోయింది. “నేనే మార్చానక్కా. మొదటి రోజు మొక్క చచ్చిపోయిందని ఒక పిల్ల ఏడ్చింది. చూడలేకపోయాను. ఎన్ని నీళ్ళు పోసినా చావకుండా పెట్టేశాను.”

“ఏడవనీ. ఏడిస్తేనే ఎందుకని అడుగుతారు.”

శుక్రవారం హెడ్మిస్ట్రెస్ వచ్చేసరికి కంప్యూటర్ గదిలో శోకాలు. తోటలన్నీ పసుపు పచ్చగా వాలిపోయాయి. మొక్క చనిపోయింది అని తప్ప తెర ఇంకేమీ చెప్పడం లేదు. “ఎందుకు టీచర్?” అని ముప్పై గొంతులు.

“పదండి, అక్క చెబుతుంది. కనిపెట్టింది తనే,” అంది చిన్నకోడలు. ఎలా కనిపెట్టిందో మాత్రం చెప్పలేదు.

చిక్కుడు టీచరు కుళ్ళిన గింజని అరచేతిలో పెట్టి చూపింది. వేళ్ళు కూడా ఊపిరి తీసుకుంటాయనీ, నీళ్ళలో ముంచితే గాలాడక చచ్చిపోతాయనీ చెప్పింది. “ఛీ, కంపు!” అంటూనే పిల్లలు మళ్ళీ మళ్ళీ వాసన చూశారు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్న హెడ్మిస్ట్రెస్ అలమర మాట ఎత్తకుండానే వెళ్ళిపోయింది.

“వాసన మాత్రం నా తోటలో రాదు కదక్కా,” అంది వెనకనుంచి చిన్నకోడలు. ఆ గొంతులోని జీరని చిక్కుడు టీచరు ఇట్టే పోల్చుకుంది. నెల రోజులుగా అది తన గొంతులో కాపురమున్నదే. కడుపు చల్లబడింది. వెంటనే సిగ్గేసింది. అయినా ఆ చల్లదనం పోలేదు.

సాయంత్రం గది తాళం వేసే ముందు మరకలు లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. చివరి సీసా మీది మరకకి పౌడరు అంటుకుని ఉంది. దాన్ని లెక్కలో కలపాలా, కొంగుతో తుడిచెయ్యాలా తేలక, తాళంచెవి చేతిలో పట్టుకుని ఆవిడ అలాగే నిలబడింది.