బాల్కనీలో నెలన్నర ఉద్యోగులు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ఆటో భయ్యా మీటరు వెయ్యనంటే వచ్చేది, మెట్రోలో లేడీస్ పెట్టెలోకి మగవాళ్ళెక్కితే వచ్చేది, ఆఫీసు క్యాంటీన్‌లో సాంబారని చెప్పి పసుపు నీళ్ళు పోస్తే మరీ వచ్చేది. కాకినాడ నుంచి ఢిల్లీ పక్కన నోయిడాలో కొత్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికొచ్చి, ఇందిరాపురంలో మా పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. లోకంలో ఎక్కడా న్యాయం జరగడం లేదనీ, జరిపించే బాధ్యత నా ఒక్కదాని నెత్తినే ఉందనీ నా గట్టి నమ్మకం. (ఇప్పుడా నమ్మకం పోయింది. కోపం మాత్రం క్షేమంగానే ఉంది.) అందుకే ఆ ఏడు హోలీ వెళ్ళిన వెంటనే మా బాల్కనీ పైకప్పుకి తేనెపట్టు పట్టినప్పుడు, ఇది ఎక్కడికి దారి తీస్తుందో నాకు తప్ప ఇంట్లో అందరికీ ముందే తెలిసిపోయింది.

పట్టంటే ఏదో గుప్పెడంత కాదు. నల్లగా, చేటంత వెడల్పున వేలాడుతూ, ఉండుండి అలలాగా కదిలేది. అప్పటిదాకా ఆ బాల్కనీ మా బాబాయ్ సామ్రాజ్యం. ఆయన సెంట్రల్ గవర్నమెంటులో ఆఫీసరు. పొద్దున్నే అక్కడ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, పేపరు మొదటి పేజీ నుంచి టెండరు నోటీసుల దాకా చదివితే గానీ ఆయనకి తెల్లారినట్టుండేది కాదు. ఇప్పుడా కుర్చీ హాల్లోకి వచ్చింది. బట్టలు ఆరేసే తాడు పిన్ని పడకగదిలోకి వచ్చింది, ఫ్యాను వేస్తే తడి చీర మా మొహాల మీద కొట్టేది. మా అపార్ట్‌మెంట్ సొసైటీ ఆఫీసుకి చెబితే ప్రెసిడెంట్ అంకుల్ స్వయంగా వచ్చి, దోమల జాలీ తలుపు ఇవతల నుంచే పరిశీలించి, బాల్కనీ మీది కాబట్టి తలనొప్పీ మీదేనని తేల్చేసి, పిన్ని ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు. ఈ తీర్పుని కాస్త గుర్తుపెట్టుకోండి, నేనైతే ఇన్నేళ్ళైనా మర్చిపోలేదు.

నాకు మొదట్లో ఆ ఈగల మీద ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. అది పుట్టింది పిన్ని చీపురు వల్ల. పిన్ని స్కూల్లో సైన్సు టీచరు. రోజూ బడికి వెళ్ళే ముందు, ఈగలింకా మత్తుగా ఉండగానే, తలకి చున్నీ చుట్టుకుని బాల్కనీలోకి మెల్లిగా వెళ్ళి, కింద చచ్చిపడున్న వాటిని ఊడ్చేది. ఏ రోజు చూసినా గుప్పెడు ఉండేవి. చెత్తబుట్టలో వెయ్యకుండా కరివేపాకు కుండీలో పోసేది, ఎరువవుతాయని. రోజూ ఇన్ని చస్తున్నాయంటే ఎవరో మందు కొడుతున్నారని నాకు అనుమానమొచ్చింది. నాకు అనుమానానికీ నిర్ధారణకీ మధ్య ఎక్కువ దూరం ఉండేది కాదు కాబట్టి, చెప్పులేసుకుని తిన్నగా పై ఫ్లోరు పంజాబీ ఆంటీ ఇంటికి వెళ్ళి, పాపం నోరులేని జీవాలని చంపడానికి మీకు మనసెలా ఒప్పిందని నిలదీశాను. (నా హిందీలో అప్పటికి కోపం మాత్రమే సరిగ్గా పలికేది.) ఆవిడ నొచ్చుకోలేదు. నా చెయ్యి పట్టుకుని వాళ్ళ బాల్కనీకి తీసుకెళ్ళి, ఈగల కోసం పళ్ళెంలో పెట్టిన పంచదార నీళ్ళు చూపించింది. లక్ష్మీదేవి తనంతట తను వస్తే ఎవరైనా మందు కొడతారా బేటీ అని, నా చేతిలో పిన్నీ అని వాళ్ళు చేసుకునే గోధుమపిండి లడ్డూ ఒకటి పెట్టి పంపించింది. లడ్డూ బాగుంది. దాంతో నా కోపానికి దిక్కు లేకుండా పోయింది.

మరి చంపుతున్నదెవరు? మర్నాడు ఆఫీసులో టెస్టింగ్ పక్కన పెట్టి ఫోన్లో వెతికాను. ఎవరూ చంపడం లేదు. పని ఎక్కువగా ఉండే కాలంలో పనిచేసే ఈగ బతికేదే నెలన్నరట. పుట్టిన దగ్గర్నించీ పట్టులో ఊడవడం, పిల్లల్ని సాకడం, మైనంతో గదులు కట్టడం, ఆ తర్వాత బయట డ్యూటీ, రెక్కలు చిరిగిపోయేదాకా పూలచుట్టూ తిరిగి, ఓ రోజు అలా రాలిపోవడం. ఇంత చేసినా ఒక్క ఈగ జీవితమంతా కూడబెట్టిన తేనె చెంచా అడుగుని తడపడానికి కూడా చాలదు. పైగా ఈ పనిచేసేవన్నీ ఆడవే. మగవి ఉంటాయి, కానీ అవి పని చెయ్యవు, కుట్టవు, అక్కచెల్లెళ్ళు తెచ్చిన తేనె తిని కూర్చుంటాయి. ఇది చదివాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం పిన్ని ఒక చేత్తో పరీక్ష పేపర్లు దిద్దుతూ ఇంకో చేత్తో చపాతీలు కాలుస్తుంటే, సోఫాలో కాళ్ళు జాపుకుని న్యూస్ చూస్తున్న బాబాయ్ ఎదురుగా నిలబడి మొత్తం ఉపన్యాసమిచ్చాను. ఆయన టీవీ సౌండు తగ్గించి శ్రద్ధగా విన్నారు.

"మరి సీజనయ్యాక ఆ మగవాటినేం చేస్తాయి తల్లీ?"

"బయటికి గెంటేస్తాయి బాబాయ్."

ఆయన వంటింటి వైపోసారి చూసి, "ఈ ముక్క మీ పిన్నితో అనకమ్మా" అని, లేచి వెళ్ళి కంచాలు పెట్టారు.

అలా మా ఇంట్లో పట్టుకి మద్దతు సంపాదించాను గానీ, బయట పరిస్థితి చెయ్యిదాటుతోంది. పొద్దున్నే వాకింగ్ చేసే ఒక అంకుల్ ముక్కు మీద ఈగ కుట్టింది. సొసైటీ వాట్సాప్ గ్రూపు అప్పుడే కొత్తగా పెట్టారు, ఆ ముక్కు ఫోటో దాంట్లో అన్ని కోణాల్లోనూ వచ్చింది. వెంటనే షహద్‌వాలాలని, అంటే పొగబెట్టి పట్టు కోసేవాళ్ళని, పిలిపించాలన్నారు. వాళ్ళు తేనెలో సగం తీసుకుని సగం ఇచ్చి వెళతారని ఎవరో రాశారు. అంతే, ముక్కు సంగతి అందరూ మర్చిపోయారు. ఆ సగం ఎవరిదన్న చర్చ మొదలైంది. పైకప్పు పంజాబీ ఆంటీ ఫ్లోరుకి అడుగుభాగం కాబట్టి ఆవిడదని ఒకరు, తేనె కారితే పడేది మా ఇంటి మీదని కింది ఫ్లోరువాళ్ళు. చివరికి మన ప్రెసిడెంట్ అంకుల్ నియమాలు తిరగేసి, బాల్కనీ లోపలి భాగమే ఫ్లాటు వారిది, పైకప్పు బిల్డింగుది, కనుక తేనె అందరిదీ అని తేల్చాడు. తలనొప్పిగా ఉన్నన్నాళ్ళూ మాది, తేనెగా మారగానే అందరిదీ. ఇంత అన్యాయం నేను పుస్తకాల్లో కూడా చదవలేదు.

శనివారం మధ్యాహ్నం మీటింగు పెట్టారు. ఆ శనివారం మాకు ఆఫీసుంది. (ఆ ప్రాజెక్టులో మాకు శనివారాలు లేవు. రిలీజయ్యాక అందరూ హాయిగా రెస్టు తీసుకోండని మేనేజర్ అనేవారు, ఆ రిలీజు ఎప్పుడూ వచ్చే వారమే.) నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. అయినా ఆయన క్యాబిన్‌లోకి వెళ్ళి, ఇంట్లో అర్జెంటు పనుంది, వెళ్ళాలన్నాను. ఎవరికైనా ఒంట్లో బాలేదా అని ఆయన ఆందోళనగా అడిగారు. అబద్ధం చెబుదామనుకున్నాను గానీ నోటికి నిజమే వచ్చేసింది, తేనెటీగలు సార్ అన్నాను. ఆయన బహుశా ఒత్తిడి వల్ల ఇలా అయ్యానని జాలిపడి, వెళ్ళమన్నారు.

మీటింగులో నేను ఎలా మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తులేదు. నెలన్నర బతుకు, చిరిగిన రెక్కలు, చెంచా అడుగు అన్నీ చెప్పాను. మీరు బ్రెడ్డుకి రాసుకునే తేనెలో ఎంతమంది ఆడవాళ్ళ జీవితాలున్నాయో తెలుసా అన్నాను. ఎండలు ముదిరితే అవే వెళ్ళిపోతాయి, కనీసం అప్పటిదాకా బతకనివ్వండని అడిగాను. పంజాబీ ఆంటీ కళ్ళు తుడుచుకుంది. ప్రెసిడెంట్ అంకుల్ గడ్డం నిమురుకుంటూ ఆలోచించి, ఠీక్ హై, మే నెలాఖరు ఆదివారం దాకా ఆగుదామన్నాడు. నేను గెలిచానని పొంగిపోతూ మెట్లు దిగుతుంటే, వెనకాల ఆయన ఎవరికో నచ్చజెబుతున్న మాట వినపడింది, అప్పటికి తేనె కూడా రెట్టింపవుతుందని.

ఆ తర్వాత రోజులన్నీ నేను ఎండలు ముదరాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఢిల్లీలో ఎండల కోసం దణ్ణం పెట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆఫీసు నుంచి రాగానే బ్యాగైనా దింపకుండా జాలీ తలుపు దగ్గరికెళ్ళి, ఇంకా ఉన్నారేంటే, బయల్దేరండి అని బతిమాలేదాన్ని. అవి వినేవి కాదు. వాటి పని వాటిదే.

చెప్పిన ఆదివారం రానే వచ్చింది. ముందు రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అర్ధరాత్రి దాటడంతో పట్టు వైపు చూడకుండానే పడుకున్నాను. నేను మంచం దిగేసరికి పిన్ని బాల్కనీలో చీపురు పట్టుకుని ఊరికే నిలబడి ఉంది. ఊడవడానికేమీ లేదు. పైన నల్లటి కదలిక లేదు, ఎండిపోయిన అప్పడంలాంటి మైనపు పట్టొకటి వేలాడుతోంది. నేను గబగబా గ్రూపులో రాయబోతుంటే పిన్ని ఫోను లాక్కుంది. రానీవే అంది. బాబాయ్ కుర్చీ బాల్కనీలోకి చేరవేసుకుని పేపరు విప్పారు.

పది కాకముందే జనం దిగారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో స్టీలు డబ్బా. ముక్కు అంకుల్ ఏకంగా మూతున్న క్యాను తెచ్చాడు. షహద్‌వాలా నిచ్చెన వేసుకుని, ఎక్కి, పట్టుని వేలితో మీటి, "ఖాలీ హై" అన్నాడు. వెళ్ళే ముందు కూడబెట్టిన తేనంతా తాగేసి ప్రయాణం కడతాయట అవి. ఒక్క చుక్క మిగల్చలేదు. ప్రెసిడెంట్ అంకుల్ మొహం ఎర్రబడిపోయింది. "సారా ఖా గయీ", అంతా తినేశాయి అన్నాడు, ఎవరో ఆయన వంటింట్లో దొంగతనం చేసినట్టు.

"ఉన్‌కా హీ థా, అంకుల్" అన్నాను, అది వాటిదే కదా అని.

డబ్బాలన్నీ ఖాళీగా చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగాయి. అంత మంచి చప్పుడు నేను మళ్ళీ వినలేదు. కానీ తలుపు వేసి లోపలికొచ్చాక ఏడుపొచ్చింది. ఉద్యోగాన్ని కూడా లెక్కచెయ్యకుండా వాటికోసం ఇంత పోట్లాడితే, నేను ఇంట్లో లేనప్పుడు, మాటా పలుకూ లేకుండా పోతాయా అని ఉక్రోషం. ఆ మాటే పిన్నితో అన్నాను. ఆవిడ నా పక్కన కూర్చుంది.

"ఎవరే నీకు చెప్పాల్సింది? నువ్వు మీటింగులో ఎవరికోసం కొట్లాడావో వాళ్ళని నేను ఎప్పుడో ఆ కుండీలో పోసేశాను. నిన్న వెళ్ళినవి వేరే. వాటికి నువ్వెవరో తెలీదు."

సైన్సు టీచరు కదా, ఓదార్పు కూడా అలాగే ఉంటుంది. నేను కుండీ వైపు చూశాను. కరివేపాకు ఆ ఏడు విరగకాసినట్టు చిగిర్చింది. పట్టు మొదలుపెట్టినవాటిలో ఒక్కటి కూడా తేనె తాగి బయల్దేరిన రోజు చూడలేదన్నమాట. ఇది ఎవరి మీద చూపించాలో తెలియని కోపం, అందుకే ఇన్నాళ్ళు నిలిచింది.

ఇప్పుడు నాకూ ఇందిరాపురంలోనే సొంత ఫ్లాటు, ఒక బాల్కనీ, హిందీలో మాత్రమే జవాబిచ్చే ఒక కూతురు ఉన్నాయి. ఆ మొదటి కంపెనీ అద్దాల భవనం ముందు నుంచే రోజూ వెళతాను. మేము కట్టిన ఆ ప్రాజెక్టు ఇంకా నడుస్తోందట, మా బ్యాచ్‌వాళ్ళు ఒక్కరూ లేరు. ఈ ఏడు మా బాల్కనీకి కూడా పట్టు పట్టింది. మా అమ్మాయి స్కూల్లో పాఠం విని వచ్చి, "మమ్మా, యే తో బహుత్ గలత్ హై", ఇది చాలా తప్పని సొసైటీ మీద, సృష్టి మీద, వాళ్ళ నాన్న మీద విరుచుకుపడింది. వాళ్ళ నాన్న నెమ్మదిగా లేచి కంచాలు పెట్టారు.

మొన్న శనివారం పొద్దున్న నేను బాల్కనీ ఊడ్చి, రాలినవాటిని కుండీలో పోసి, చేతులు కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కాల్‌లో మా టీమ్‌లో కొత్తగా చేరిన విజయనగరం అమ్మాయి అప్పటికే ఉంది, కళ్ళు గుంటలు పడి. రిలీజు వచ్చే వారం. రిలీజు సంగతి సోమవారం చూద్దాం, లాప్‌టాప్ మూసేసి సరోజినీ నగర్ బజారుకెళ్ళి నాలుగు చున్నీలు బేరమాడుకో అన్నాను. ఆ పిల్ల బెదిరిపోయింది.

"మ్యామ్, నా మీద కోపమొచ్చిందాండీ?"

నీ మీద కాదమ్మా అన్నాను. మరెవరి మీదని ఆ పిల్ల అడగలేదు. ఆ వయసులో నన్నడిగుంటే వరసపెట్టి పేర్లు చెప్పేదాన్ని. ఇప్పుడైతే ముందు నా లాప్‌టాప్ కూడా మూసి, ఆ తర్వాత ఆలోచించాలి.