మోహనలో నిషాదం

వాగధిదేవతకు నమస్కరించి, యువ నామ సంవత్సర మాఘ శుద్ధ ఏకాదశినాటి ముచ్చటొకటి వ్రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మేము బందరులో ఉండేవారము. మొవ్వ నుంచి వచ్చి స్థిరపడిన మా తాతయ్య ఫిడేలు విద్వాంసులు. నాకు సంగీతం ఆయన వద్దనే.

పక్కింటి అక్క వాళ్ళది క్రైస్తవ కుటుంబం. వాళ్ళమ్మగారు పోయి ఏడాది కావస్తున్నది. జ్ఞాపకార్థ కూడికలో, తల్లి నిత్యమూ పాడుకున్న కీర్తనను ఆవిడ పాడినట్టే పాడాలని అక్క కోరిక. ఫిడేలు తోడుంటే గొంతు వణకదని తాతయ్యను అడగవచ్చింది.

రెండు పంక్తులు వినగానే తాతయ్య ముఖం వికసించింది. "మోహనే కదటమ్మా" అంటూ కమాను అందుకున్నారు. మూడవ పంక్తిలో నిషాదం పడింది. మోహన రాగానికి ఆ స్వరం వర్జ్యం. పొరపాటనుకొని, దానిని తీసివేసి వాయించి, అలా పాడమన్నారు. అక్క పాడబోయి సగంలో ఆగిపోయింది.

"బాగానే ఉందండీ తాతగారూ. కానీ ఇందులో మా అమ్మ లేదండీ."

తాతయ్య కమాను దించి, ఆ వరుస ఎవరు కట్టారని అడిగారు.

"తెలీదండీ. ఐర్లండులో పల్లెటూరి పాటంట. అమ్మకి బళ్ళో దొరసానిగారు నేర్పారంట. వరస ముందు నుంచీ ఉందంట, దేవుడి మాటలు తర్వాత పెట్టారంట."

"మరి ముందున్న మాటలేమిటో?"

"ప్రియుడితో దారెంట నడవడం గురించంటండీ. చర్చిలో పాడేదానికి అదేంటే అంటే, అమ్మ నవ్వేసి ఊరుకుంది."

నాకంతా అయోమయంగా తోచింది. ప్రియుడికోసం పుట్టిన వరుస దేవుడిని చేరి, ఇప్పుడొక తల్లికోసం మా వసారాలోకి వచ్చింది. అసలది ఎవరిది? తాతయ్యకు మాటలతో చిక్కు లేదు. మా మొవ్వ దేవుడికి పాడే పదాలలోనూ విరహమే కదా అన్నారు. ఆయనను పట్టుకున్నది నిషాదమే. దానినే మళ్ళీ మళ్ళీ మీటి విన్నారు.

"మోహనలో ఇది తప్పే. మీ అమ్మ పాటలో తప్పో కాదో నాకు తెలియడం లేదమ్మా. నువ్వు పాడు, నీ వెనక నేనొస్తాను."

తెలియదన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. మరునాటి పాఠంలో నేను మోహనలో నిషాదం పలికితే మాత్రం తొడపాశం పెట్టారు. అక్కకు చెల్లినది నాకెందుకు చెల్లలేదో అప్పుడు బోధపడలేదు; నేటికీ పూర్తిగా బోధపడిందని చెప్పలేను. అయినా ఎవరి పాటనైనా దిద్దబోయే ముందు ఒకసారి వారి వెనుక నడిచి చూడడం నాకు ఆనాటినుండి అలవడింది.

1996, ఫాల్గుణ శుద్ధ సప్తమి, ఆదివారంనాడు కూడిక జరిగింది. తాతయ్య ఫిడేలు వాయించారు. అక్క చివరి చరణం దాకా పాడింది.